జే భాషలో అరే రకాన్ని ఎలా పరీక్షించాలి? 3!:0 ఒక్కటే సరిపోతుందా?

రుషికొండ_రీడింగ్స్ అడిగారు:

నమస్తే అండి. విశాఖ తీరంలో మూడు చోట్ల సముద్ర మట్టం రీడింగులు ఫైల్‌గా వస్తాయి. వాటిని జే అనే అరే ప్రోగ్రామింగ్ భాషలో (64 బిట్, 9 శ్రేణి) శుభ్రం చేసి ఒక సి లైబ్రరీకి పంపాలి. ఒక్కో వరుసలో తెలుగులో చోటు పేరు, మీటర్లలో మట్టం, నాణ్యత గుర్తు ఉంటాయి. గుర్తు 0 అయితే రీడింగ్ బాగుంది, 1 అయితే అనుమానం, 2 అయితే పనికిరాదు.

గుర్తుల కాలమ్ ఇంటిజరా కాదా అని, రకం కోడ్ చెప్పే 3!:0 తో ఇలా చూస్తున్నాను (ఇంటిజర్ కోడ్ 4):

   (4 = 3!:0) గుర్తులు

(జే పేర్లలో తెలుగు అక్షరాలు చెల్లవు. ఇక్కడ అర్థం కావడానికే అలా రాశాను.)

ఈ పరీక్ష ఒక రోజు ఫైల్‌కి 1 ఇస్తుంది, ఇంకో రోజు ఫైల్‌కి 0 ఇస్తుంది. తెర మీద రెండు కాలమ్‌లూ ఒకేలా కనిపిస్తాయి. ఆశించిన జవాబుతో -: పెట్టి పోల్చే టెస్టులన్నీ పాసవుతున్నాయి, అయినా సి లైబ్రరీ వైపు 2 ఉండాల్సిన చోట 4611686018427387904 వస్తోంది. చోటు పేర్ల పొడవులు కూడా తేడాగా ఉన్నాయి. 'విశాఖ'కి పొడవు చెప్పే # పెడితే 15 అంటోంది.

రకాన్ని సరిగ్గా పరీక్షించే పద్ధతి ఏదైనా ఉందా?

డాల్ఫిన్_నోస్ రాశారు:

ఆ పెద్ద సంఖ్యలోనే కారణం దొరుకుతుంది. 4611686018427387904 అంటే 2^62. 2 అనే విలువను 64 బిట్ ఫ్లోట్‌గా దాచినప్పుడు వచ్చే బిట్లను ఇంటిజర్‌గా చదివితే సరిగ్గా ఇదే సంఖ్య వస్తుంది. అంటే గుర్తులు ఫ్లోట్‌గా వెళ్తున్నాయి. సి ఫంక్షన్‌ని పిలిచే 15!:0 లో ఆ ఆర్గ్యుమెంట్‌ని వట్టి * అని ప్రకటించి ఉంటారు. వట్టి * పెడితే జే రకం చూడదు, మెమరీ చిరునామాను అలాగే అందిస్తుంది. * పక్కన ఎక్స్ అక్షరం చేర్చి ప్రకటిస్తే, ఇంటిజర్‌గా మార్చలేని విలువ వచ్చినప్పుడు అక్కడే డొమైన్ ఎర్రర్‌తో ఆగుతుంది. ముందు ఆ మార్పు చేయండి. తప్పు సంఖ్యతో లెక్కలు ముందుకు సాగడం కంటే ఎర్రర్‌తో ఆగడమే మేలు.

ఇక 3!:0 సంగతి. ఇది విలువ ఏమిటో చెప్పదు, ఆ విలువ మెమరీలో ఏ రూపంలో ఉందో చెబుతుంది. 1 అంటే బూలియన్, 2 అంటే బైట్ అక్షరాలు, 4 ఇంటిజర్, 8 ఫ్లోట్, 16 కాంప్లెక్స్, 32 బాక్స్ (లోపల ఏ అరేనైనా ఉంచగల డబ్బా), 64 ఎక్స్‌టెండెడ్ ఇంటిజర్, 128 రేషనల్. వెడల్పు అక్షరాలకు 131072 (అక్షరానికి 2 బైట్లు), 262144 (అక్షరానికి 4 బైట్లు). స్పార్స్ అరేలకు (పదేపదే వచ్చే ఒకే విలువని వదిలి మిగతావే దాచేవి) వేరే కోడ్‌లున్నాయి: బూలియన్ 1024, ఇంటిజర్ 4096, ఫ్లోట్ 8192, కాంప్లెక్స్ 16384. సింబల్ 65536.

వాడే ముందు ఒక జాగ్రత్త. 3!:0 5 అని రాస్తే పనిచేయదు. పక్కపక్కన ఉన్న 0, 5 కలిసి ఒకే సంఖ్యల వరుస అయిపోతాయి. (3!:0) 5 అనో, 3!:0 ]5 అనో రాయాలి. కుడివైపు కోట్లు గానీ పేరు గానీ ఉంటే ఈ చిక్కు రాదు.

మీ గుర్తుల కాలమ్ రోజుకో రకంగా ఎందుకు మారుతోందో ఈ నాలుగు వరుసల్లో కనిపిస్తుంది:

   (3!:0) 1 0 1
1
   (3!:0) 1 0 2
4
   (3!:0) 1 0 _
8
   (3!:0) 20 10 0 % 10
8

ఆ రోజు రీడింగుల్లో 2 లేకపోతే వరుస మొత్తం 0, 1లే కనుక జే దాన్ని బూలియన్‌గా దాస్తుంది. ఒక్క 2 వస్తే మొత్తం ఇంటిజర్ అవుతుంది. తప్పిపోయిన రీడింగ్‌కి ఎవరైనా _ పెడితే వరుస మొత్తం ఫ్లోట్ అయిపోతుంది, ఎందుకంటే _ అంటే అనంతం, అది ఇంటిజర్‌లో ఇమడదు. నాలుగో వరుసను గట్టిగా గుర్తుపెట్టుకోండి. భాగహారం ఫలితం నిండు సంఖ్యే అయినా, మామూలు ఇంటిజర్ల మీద % చేస్తే ఫ్లోటే వస్తుంది. మీ కోడ్‌లో గుర్తును ఎక్కడో పదితో భాగించి తీస్తున్నారని నా అనుమానం.

ఒకసారి ఫ్లోట్ అయ్యాక, దానికి కారణమైన విలువను తీసేసినా రకం వెనక్కి రాదు:

   (3!:0) 2 {. 1 2 0.5
8

తెర మీద మాత్రం 1 2 అనే కనిపిస్తుంది. పైగా జే మామూలుగా 6 అంకెలే చూపిస్తుంది కాబట్టి 2.0000001 కూడా 2 లాగానే కనిపిస్తుంది. అనుమానం వస్తే 9!:11 ]16 అని ఒకసారి నడిపి మళ్లీ చూడండి.

ఇంతకీ మీరు 4 = 3!:0 అని రాసినప్పుడు అడగాలనుకున్నది "ఇందులో 0, 1, 2 తప్ప ఇంకేమీ లేవు కదా" అని. భాష జవాబిస్తున్నది "ఇది ఇంటిజర్‌గా దాచి ఉందా" అనే ప్రశ్నకు. అందుకే సి లైబ్రరీ గుమ్మం దగ్గర తప్ప ఇంకెక్కడ 4 = 3!:0 ఉన్నా తీసేయమని నా సలహా. లోపల అడగాల్సింది విలువ గురించి:

   *./@(+./@(0 1 2 =/ ]))

కుడి నుంచి చదవండి. 0 1 2 =/ ] అనేది మూడు అడ్డు వరుసల పట్టిక ఇస్తుంది. +./ దాన్ని నిలువుగా కలిపి, ప్రతి విలువా మూడింటిలో ఏదో ఒకటి అయిందా అని చెబుతుంది. *./ అన్నీ అయ్యాయా అని చూస్తుంది. బూలియన్ వచ్చినా, ఇంటిజర్ వచ్చినా, ఫ్లోట్ వచ్చినా ఒకే జవాబు. అక్షరాలు వచ్చినా ఎర్రర్ రాదు, 0 వస్తుంది. = కి రెండు వైపులా వేర్వేరు రకాలుంటే అది మొరాయించదు, సమానం కాదని చెప్పి ఊరుకుంటుంది. ఇది ఒంటి వరుసలకు రాసినది. కాలమ్ ర్యాంక్ (అరేకి ఎన్ని దిశలున్నాయో చెప్పేది) 1 అవునో కాదో (1 = #@$) తో విడిగా చూడండి.

విలువలు సరైనవని తేలాక పంపే ముందు రకాన్ని మీరే బలవంతంగా మార్చండి:

   (2-2) + <. గుర్తులు

<. ఫ్లోట్‌ని ఇంటిజర్ చేస్తుంది, కానీ బూలియన్‌ని ముట్టుకోదు. అందుకే (2-2) కలపాలి. 2 ఇంటిజర్ కాబట్టి 2-2 కూడా ఇంటిజర్ సున్నా, దానితో కూడిన బూలియన్ ఇంటిజర్ అవుతుంది. వట్టి * ప్రకటనతో బూలియన్ వెళ్తే ఏమవుతుందో కూడా చూడండి. జేలో బూలియన్‌కి ఒక్కో విలువకు ఒక బైట్. 1 0 1 0 0 0 0 0 అనే ఎనిమిది గుర్తులు కలిసి ఒక్క 64 బిట్ సంఖ్యగా, 65537గా చదవబడతాయి. తర్వాత సి ఫంక్షన్ మిగతా ఏడింటి కోసం అరే దాటి ఎవరిదో మెమరీ చదువుతుంది. ఫ్లోట్ పొరపాటు కంటే ఇది ప్రమాదం. కొన్నిసార్లు బాగానే నడిచినట్టు కనిపిస్తుంది కూడా.

రుషికొండ_రీడింగ్స్ రాశారు:

చాలా థాంక్స్ అండి. మీరన్నట్టే గుర్తును పదితో భాగించే వరుస ఒకటి ఉంది. ఇంకో రెండు అడుగుతాను. మట్టం కాలమ్‌లో "ఇది నిండు సంఖ్యేనా" అని చూడాల్సిన చోటు ఒకటుంది, మిల్లీమీటర్లలోకి మార్చాక. అక్కడ ఏం వాడాలి? ఫైల్ ఖాళీగా వస్తే మాత్రం నా పరీక్షలన్నీ 1 అంటున్నాయి, అది సరైనదేనా?

డాల్ఫిన్_నోస్ రాశారు:

నిండు సంఖ్యకి (-: <.) చాలు. విలువ, దాని ఫ్లోర్ ఒకటేనా అని అడిగే హుక్ ఇది. (-: <.) 4%2 అంటే 1, (-: <.) 2.5 అంటే 0. అక్షరాలిస్తే <. దగ్గర డొమైన్ ఎర్రర్ వస్తుంది కనుక, సంఖ్యలేనా అనే పరీక్ష దీనికి ముందుండాలి:

   +./@(1 4 8 16 64 128 = 3!:0)

ఇందులో స్పార్స్ కోడ్‌లు లేవు. మీ దారిలో స్పార్స్ అరేలు వచ్చే అవకాశం ఉంటే ముందు $.^:_1 తో మామూలు అరేగా మార్చుకోండి. 16 కూడా ఆలోచించి ఉంచండి. %: _1 లాంటిది ఎక్కడో దొర్లితే కాలమ్ మొత్తం కాంప్లెక్స్ అవుతుంది. మట్టానికి అది ఎప్పుడూ తప్పే కాబట్టి మీ జాబితాలోంచి 16 తీసేయడం మంచిది.

(-: <.) విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. జే పోలికలన్నీ కొంచెం సడలింపుతో జరుగుతాయి, ఆ సడలింపు మామూలుగా 2^_44. ఫ్లోర్‌కీ అదే వర్తిస్తుంది.

   (-: <.) 3-2^_50
1
   (-:!.0 <.) 3-2^_50
0

మీటర్లను వెయ్యితో హెచ్చవేశాక చివరి బిట్‌లో తేడా రావడం మామూలే. కాబట్టి మీకు మొదటిదే కావాలి. రెండోది, బిట్ బిట్‌కీ సరిపోవాల్సిన చోట మాత్రమే. మరీ పెద్ద సంఖ్యలకు ఈ పరీక్ష నమ్మకండి. ఫ్లోట్‌లో 2^53, అంటే 9007199254740992 దాటాక అసలు భిన్నాలే ఉండవు కనుక ప్రతిదీ నిండు సంఖ్య అనే జవాబు వస్తుంది. ఇంటిజర్ కూడా 9223372036854775807 కి 1 కలిపితే చప్పుడు లేకుండా ఫ్లోట్ అయిపోతుంది. మిల్లీమీటర్లలో మీకు ఆ బెడద లేదు.

ఖాళీ అరేల గురించి కాస్త వివరంగా రాయాలి, చాలా టెస్టులు జారిపోయేది అక్కడే. ఖాళీ వరుసలో "అన్నీ 0, 1, 2లేనా" అంటే 1 రావడం తర్కం ప్రకారం సరైనదే, తప్పు చెప్పే విలువ ఒక్కటీ లేదు కాబట్టి. దాన్ని మార్చబోకండి. అది వేరే ప్రశ్న: కనీసం ఒక రీడింగ్ ఉందా? దానికి (0 < #) విడిగా పెట్టుకోండి. అసలు చిక్కు ఇక్కడ:

   (3!:0) ''
2
   (3!:0) 0$0
1
   '' -: 0$0
1

రకాలు వేరు, అయినా -: ఒకటే అంటుంది. ఖాళీ అరేలను అది ఆకారం బట్టే పోలుస్తుంది. +/'' కూడా 0 ఇస్తుంది, ఎర్రర్ రాదు. అదే +/'12' అయితే డొమైన్ ఎర్రర్. అంటే ఫైల్ ఖాళీగా ఉన్న రోజు అక్షరాల కాలమ్‌ని సంఖ్యల కాలమ్ అనుకుని కూడినా మీకు తెలియదు. రీడింగులున్న రోజు బయటపడుతుంది.

మీ టెస్టులన్నీ పాసవడానికి కారణం కూడా ఇదే కోవలోది. -: విలువలూ ఆకారమూ చూస్తుంది, రకం చూడదు. 1 -: 4%4 అంటే 1. రకం కూడా సరిపోవాలంటే టెస్టులో ఇది వాడండి:

   (-: *. -:&(3!:0))

ఎడమ కుడి విలువలు సరిపోవాలి, రెంటి 3!:0 కూడా సరిపోవాలి. '' కీ 0$0 కీ ఇప్పుడు 0 వస్తుంది. బాక్సులకు మాత్రం ఇది చాలదు. బయటి రకం రెండు వైపులా 32 అనే ఉంటుంది, లోపల ఒకచోట ఇంటిజర్, ఇంకోచోట ఫ్లోట్ ఉన్నా పట్టుకోదు. ఒక్క అంతస్తు బాక్సులైతే:

   (-: *. -:&(3!:0@>))

3!:0@> ప్రతి బాక్సూ తెరిచి రకం అడుగుతుంది. 3!:0@> 1;'12';2.5 కి 1 2 8 వస్తుంది. బాక్సులో బాక్సులుంటే @> బదులు ఎస్:0 పెట్టాలి (రోమన్ అక్షరం పెద్ద ఎస్, కోలన్, సున్నా). అది అట్టడుగు దాకా దిగి అడుగుతుంది.

తప్పిపోయిన రీడింగ్‌కి _ బదులు _. (సంఖ్య కానిది అనే గుర్తు) వాడదామని ఎవరైనా అంటే వద్దనండి. _. = _. అంటే 0 వస్తుంది, దాంతో పోలిక మీద ఆధారపడిన ఏ పరీక్షనూ నమ్మలేం. ఇప్పటికే ఉన్నాయేమో చూడాలంటే 128!:5 ఉంది. తప్పిపోయినవాటిని వేరే బూలియన్ వరుసగా పక్కన ఉంచి, కాలమ్‌లో ఆ చోట 0 పెట్టడం నాకు నచ్చిన పద్ధతి.

ఎంవీపీ_సెక్టార్ రాశారు:

పేర్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను చెబుతాను. 'విశాఖ'కి 15 సరైన జవాబే. కోట్లలో రాసిన పాఠం జేలో యూటీఎఫ్-8 బైట్ల వరుస, రకం 2. తెలుగు కోడ్‌లన్నీ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ మధ్య ఉంటాయి, ఒక్కోదానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు. విశాఖలో వ, గుడి, శ, దీర్ఘం, ఖ కలిపి ఐదు కోడ్‌లు, కాబట్టి 15.

   #@> 'విశాఖ';'గంగవరం';'రుషికొండ'
15 18 24
   $ > 'విశాఖ';'గంగవరం';'రుషికొండ'
3 24

రెండో దాంట్లో పొట్టి పేర్ల వెనక ఖాళీలు చేరాయి. ఆ పట్టికని 10 నిలువు వరుసల దగ్గర కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగుతుంది. తెగాక కూడా 3!:0 ప్రశాంతంగా 2 అనే చెబుతుంది. పాఠం చెడిపోయిందో లేదో రకం చెప్పలేదు.

లెక్క అక్షరాల్లో కావాలంటే 7 యూ: తో మార్చాలి (యూ అన్నచోట రోమన్ చిన్న అక్షరం టైప్ చేయండి). అప్పుడు పొడవు 5, రకం 131072 అవుతుంది. ఇక్కడే ఒక గుంట ఉంది. పేరులో తెలుగు ఏమీ లేకుండా వట్టి ఆస్కీ మాత్రమే ఉంటే, ఉదాహరణకు '12' అనే స్టేషన్ నంబర్, 7 యూ: దాన్ని మార్చదు, రకం 2గానే ఉంటుంది. కాబట్టి "మార్చాను కదా, ఇక 131072 ఉండాలి" అనే టెస్టు తెలుగు పేర్లకి పాసై, ఆస్కీ పేర్లకి ఫెయిలవుతుంది. అక్షరాలేనా అని అడగాలంటే మూడు రకాలనీ కలిపి అడగండి:

   +./@(2 131072 262144 = 3!:0)

ఆపైన ర్యాంక్ చూడండి. జేలో కోట్ల మధ్య ఒక్క బైటే ఉంటే అది వరుస కాదు, ఒంటి విలువ:

   # $ '5'
0
   # $ '12'
1
   # $ 'వ'
1

'వ' చూడ్డానికి ఒకే అక్షరం, కానీ 3 బైట్ల వరుస కనుక ర్యాంక్ 1. '5' మాత్రం ర్యాంక్ 0. తెలుగు పేర్లతోనే టెస్టులు రాసేవాళ్లకి ఈ తేడా ఎప్పటికీ ఎదురుకాదు, ఒక అంకె స్టేషన్ నంబర్ వచ్చిన రోజు కోడ్ పడిపోతుంది. లోపలికి రాగానే ముందు కామా పెట్టి ( , పేరు ) వరుసగా మార్చేసుకుంటే సరి.

ఇంకొకటి, రకంతో సంబంధం లేకపోయినా పేర్లు సరిపోల్చే చోట తప్పక తగిలేది. 'వైజాగ్' అనే మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక్క కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. మొదటిదైతే 18 బైట్లు, రెండోదైతే 21. తెర మీద తేడా ఉండదు, -: మాత్రం 0 అంటుంది. 'బీచ్‌రోడ్' లాంటి మాటల్లో చ పొల్లు తర్వాత కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది, దానికీ 3 బైట్లు. ఫైల్ జేలోకి రాకముందే పేర్లను ఒకే యూనికోడ్ రూపానికి తెచ్చుకోండి.

డాల్ఫిన్_నోస్ గారూ, ఒక్క విషయంలో మీతో ఏకీభవించను. రకం పరీక్ష సి గుమ్మం దగ్గర మాత్రమే ఉంటే చాలదు. ఫైల్ చదివిన వెంటనే కూడా ఉండాలి. అక్షరాలుగా ఉండిపోయిన కాలమ్ మధ్యలో ఎక్కడో డొమైన్ ఎర్రర్ ఇస్తే, ఏ ఫైల్, ఏ కాలమ్ అని వెతకడానికి సగం పూట పోతుంది.

డాల్ఫిన్_నోస్ రాశారు:

ఒప్పుకుంటాను, ఫైల్ వైపు కూడా ఉండాలి. నేను వద్దన్నది 4 అనే కోడ్‌ని పట్టుకుని చేసే పరీక్షని. అక్షరాలా సంఖ్యలా అనే పెద్ద తేడాని చదివిన వెంటనే చూడాల్సిందే.

చదవడం గురించి ఒక మాట కలుపుతాను. పాఠాన్ని సంఖ్యలుగా మార్చడానికి ". ఒంటరిగా వాడకండి. అది వచ్చిన పాఠాన్ని జే కోడ్‌గా నడిపిస్తుంది, బయటి ఫైల్ మీద అది వాడటం ప్రమాదం. ఎడమ వైపు ఒక విలువ ఇవ్వండి:

   _999 ". '12 ?? 15'
12 _999 15

సంఖ్య కానిచోట మీరిచ్చిన విలువ పెడుతుంది. ఫైల్‌లో మైనస్ గుర్తుతో వచ్చే రుణ సంఖ్యల్ని కూడా ఈ రూపం అర్థం చేసుకుంటుంది. ఎడమ వైపు _ మాత్రం ఇవ్వకండి, మళ్లీ కాలమ్ ఫ్లోట్ అవుతుంది.

భీమిలి_గ్లిఫ్ రాశారు:

జేకి దగ్గరి అరే భాష అయిన డ్యాలగ్ ఏపీఎల్ నుంచి వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. అక్కడి అలవాట్లు కొన్ని జేలో పనికొస్తాయి, కొన్ని తిప్పికొడతాయి.

అక్కడ ఈ పని చేసేది ⎕ తర్వాత డీ, ఆర్ అనే రెండు రోమన్ అక్షరాలున్న ఫంక్షన్. అది ఇచ్చే సంఖ్యలో చివరి అంకె రకం, ముందున్నవి బిట్లు. 11 అంటే ఒక బిట్ బూలియన్. 83, 163, 323 అంటే 8, 16, 32 బిట్ల ఇంటిజర్లు. 645 ఫ్లోట్, 1287 డెసిమల్ ఫ్లోట్, 1289 కాంప్లెక్స్. యూనికోడ్ ఎడిషన్‌లో అక్షరాలు 80, 160, 320. మిశ్రమ లేదా గూడు అరేలకు 326. సంఖ్యల కోడ్‌లన్నీ బేసి, మిగతావన్నీ సరి. కాబట్టి 2తో భాగించి శేషం చూస్తే సంఖ్యల అరేనా కాదా తెలిసిపోతుంది, ఇది ఏపీఎల్ వాళ్లు చాలాకాలంగా వాడే చిట్కా. జేలో ఈ చిట్కా చెల్లదు, పైన చెప్పిన జే కోడ్‌లలో బూలియన్ తప్ప మిగతావన్నీ సరి సంఖ్యలే.

83 అనో 163 అనో కచ్చితమైన సంఖ్యతో పోల్చే టెస్టు మాత్రం డ్యాలగ్‌లో రాయకండి. వర్క్‌స్పేస్‌ని సర్దేటప్పుడు అది అరేని వీలైనంత చిన్న రూపంలోకి కుదిస్తుంది. మీరు ఏమీ చేయకుండానే ఒకే వేరియబుల్ ఇప్పుడు 163, కాసేపటికి 83 అని చెప్పవచ్చు. జేలో ఇలా దానంతటది మారదు, మీరు ఏదైనా చేస్తేనే మారుతుంది.

'విశాఖ' డ్యాలగ్‌లో ఐదు అక్షరాలే, కోడ్ 160. బైట్ల గొడవ లేదు. ఖాళీ అరేల విషయంలో రెండు భాషలూ ఎదురెదురు. ''≡⍳0 డ్యాలగ్‌లో 0, ఎందుకంటే అక్కడ ఖాళీ అరే కూడా తన నమూనా విలువని గుర్తుంచుకుంటుంది, ≡ దాన్నీ పోలుస్తుంది. ఏపీఎల్ టెస్టుల్ని జేకి మార్చేటప్పుడు ≡ ఉన్నచోటల్లా -: పెట్టి వదిలేస్తే, ఖాళీ అరేల మీద ఆధారపడ్డ టెస్టులు నిజంగా ఏమీ పరీక్షించకుండానే పాసవుతాయి.

ఆ నమూనా విలువ ఉపాయం మాత్రం జేలోనూ పనిచేస్తుంది, నాకది 3!:0 జాబితాల కంటే ఇష్టం:

   (' ' -: {.@(0$,))

అరేని చదును చేసి, సున్నా పొడవుకి కుదించి, అందులోంచి మొదటిది అడుగుతాం. ఏమీ లేదు కనుక ఆ రకానికి చెందిన పూరక విలువ ఇస్తుంది: అక్షరాలైతే ఖాళీ, సంఖ్యలైతే 0, బాక్సులైతే ఖాళీ బాక్సు. బైట్ అక్షరాలైనా వెడల్పు అక్షరాలైనా ఒకే జవాబు, కోడ్‌లు గుర్తుంచుకోనక్కర్లేదు. ' ' బదులు 0 పెడితే సంఖ్యల పరీక్ష. ఖాళీ అరేల మీద కూడా నిజం చెబుతుంది. డ్యాలగ్‌లో ఇదే ఉపాయానికి ఒక పరిమితి ఉంది. అక్కడ 1 '5' లాంటి మిశ్రమ వరుసలు కుదురుతాయి కనుక నమూనా మొదటి అంశాన్ని బట్టే వస్తుంది. జేలో 1,'5' అంటేనే డొమైన్ ఎర్రర్, కాబట్టి ఆ బాధ లేదు.

బీక్యూఎన్ అనే ఇంకో అరే భాషలో రకం అడిగితే సంఖ్య 1, అక్షరం 2, అరే మొత్తానికి 0 అని మాత్రమే చెబుతుంది. ఇంటిజర్, ఫ్లోట్ తేడా పైకి కనిపించనివ్వదు. క్యూ భాషలో ఒంటి విలువకి రుణ కోడ్, వరుసకి ధన కోడ్: ఒంటి ఇంటిజర్ మైనస్ 7, వరుస 7, అక్షరాల వరుస 10, మిశ్రమ వరుస 0. ఎంవీపీ_సెక్టార్ గారు చెప్పిన ఒంటి అక్షరం చిక్కు అక్కడా ఉంది, ఒక్క అక్షరం రాస్తే 10 కాదు, మైనస్ 10 వస్తుంది.

రుషికొండ_రీడింగ్స్ రాశారు:

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు రెండు చోట్ల పెట్టాను. ఫైల్ చదవగానే మట్టం, గుర్తుల కాలమ్‌లకు (0 -: {.@(0$,)), పేర్లకు (' ' -: {.@(0$,)), కనీసం ఒక వరుస ఉందా అని (0 < #). సి వైపు పంపే ముందు 0 1 2 విలువల పరీక్ష, తర్వాత (2-2)+<. తో మార్పు, ఆఖరున మాత్రమే 4 = 3!:0. ప్రకటనలో * పక్కన ఎక్స్ చేర్చాను. ఒక్క సందేహం: పది లక్షల రీడింగులుంటే ఈ పరీక్షలు బరువవుతాయా?

డాల్ఫిన్_నోస్ రాశారు:

3!:0 అరే తలకట్టులో ఉన్న ఒక్క సంఖ్యని చదువుతుంది, పది లక్షలున్నా పదున్నా ఒకటే ఖర్చు. విలువల పరీక్ష మాత్రం మొత్తం చదవాలి. 0 1 2 =/ అనేది పది లక్షల గుర్తులకు 30 లక్షల బూలియన్ల తాత్కాలిక పట్టిక కడుతుంది, ఒక్కోటి ఒక బైట్ కనుక సుమారు 3 ఎంబీ. అది ఏమంత కాదు. పంపే అరే మాత్రం బూలియన్ నుంచి ఇంటిజర్ అయ్యాక ఒక్కో విలువకు 8 బైట్లు, అంటే 10 లక్షలకు 8 ఎంబీ. అందుకే (2-2)+<. మార్పుని ఫైల్ చదివిన చోట కాకుండా, మీరు ఇప్పుడు పెట్టినట్టే పంపే ముందు ఉంచండి.